మత్తుమందు మెదడులో ఎక్కడ కూర్చుంటుంది?

"జనరల్ అనస్థీషియా ఎలా పనిచేస్తుందో డాక్టర్లకే తెలీదట, అయినా రోజూ ఇచ్చేస్తున్నారట" అనే ముక్క ఏదో ఒక వాట్సాప్ గ్రూపులోంచి నా ఫోన్‌లో వచ్చి పడుతూనే ఉంటుంది. ఫార్మసీ కాలేజీలో ఫార్మకాలజీ చెప్పుకుని బతికేవాణ్ణి కాబట్టి, దాని వెనకాలే "నిజమేనా సార్?" అని ఒక ప్రశ్న కూడా వస్తుంది. నలభై ఏళ్ళ కిందట ఎవరైనా అడిగుంటే, దాదాపు నిజమే అని ఒప్పుకోవాల్సి వచ్చేది. ఇవాళ అది సగం నిజం. మందు వెళ్ళి ఏ ప్రొటీన్‌ని పట్టుకుంటుందో, ఆ ప్రొటీన్‌లో ఏ సందులో దూరుతుందో, అక్కడ ఏ అమైనో ఆమ్లం పక్కన ఆనుకుని ఉంటుందో కొన్ని మందుల విషయంలో దాదాపు ఫొటో తీసినట్టు తెలుసు. ఆ చిన్న సందులో జరిగినదానికి ఇంత పెద్ద మనిషి స్పృహ ఎలా పోతుందన్న దగ్గరే అసలు చిక్కు. ఈ రెండు ప్రశ్నలనీ కలిపేసి "ఏమీ తెలీదట" అనేస్తే, వందేళ్ళకు పైగా జరిగిన మంచి డిటెక్టివ్ పనిని చెత్తబుట్టలో వేసినట్టే, అదే నాకు ఒళ్ళు మండే విషయం.

ముందు ఒకటి తేల్చుకుందాం. ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్న చుట్టాలు "మత్తు ఇచ్చేశారట" అంటారు గానీ, లోపల ఇచ్చేది ఒక మందు కాదు. చేతికి పెట్టిన కాన్యులాలోంచి పాలలా తెల్లగా ఉండే ప్రొపొఫాల్ వెళుతుంది, నొప్పికి ఫెంటానిల్, గొంతులో ట్యూబు వేయడానికి కండరాలు వదులయ్యేలా అట్రాక్యూరియమో వెక్యురోనియమో, ఆ తర్వాత ఆపరేషన్ అయ్యేదాకా మత్తు నిలవడానికి బాయిల్స్ మెషిన్ మీది వేపరైజర్‌లోంచి ఐసోఫ్లూరేనో సీవోఫ్లూరేనో. వీటిలో ఫెంటానిల్ సంగతి ఎప్పుడో తేలిపోయింది, అది నల్లమందు సారం కూర్చునే రిసెప్టర్ మీదే, అంటే కణం మీద కబురు అందుకునే ప్రొటీన్ మీదే, కూర్చుంటుంది. అట్రాక్యూరియం నరానికీ కండరానికీ మధ్య కబురు మోసే ఎసిటైల్‌కోలిన్ కూర్చునే సీటును ఆక్రమిస్తుంది, అంతే. నడుముకి ఇచ్చే మత్తు సంగతి వేరు, అది నరాల్లోని సోడియం దారుల్ని మూసేస్తుంది, కబురు పైకి వెళ్ళదు, మనిషి మెలకువగానే ఉండి పక్కనున్న సిస్టర్‌తో కబుర్లు చెబుతుంటాడు. ఇక్కడ ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ప్రొపొఫాల్, సీవోఫ్లూరేన్ లాంటివాటితోనే, అంటే మనిషిని నిజంగా "లేకుండా" చేసేవాటితో.

ఎందుకు పేచీ అంటే, ఇవి ఒక కుటుంబం కాదు. పెన్సిలిన్ తీసుకోండి, దాని బంధువులన్నిటికీ నడుమ ఒకే చతురస్రపు వలయం ఉంటుంది, చూడగానే అన్నదమ్ములని తెలిసిపోతుంది. మత్తుమందుల్లో అలాంటి పోలికే లేదు. 1846 అక్టోబర్ 16న బోస్టన్‌లో మోర్టన్ అనే పళ్ళ డాక్టర్ అందరి ముందూ ఇచ్చి చూపించిన ఈథర్ రెండు ఇథైల్ గుంపుల మధ్య ఒక ఆక్సిజన్, అంతే. మరుసటి ఏడాది ఎడిన్‌బరోలో సింప్సన్ మొదలుపెట్టిన క్లోరోఫామ్‌లో ఒక్క కార్బన్, దానికి మూడు క్లోరిన్లు, ఒక హైడ్రోజన్. నైట్రస్ ఆక్సైడ్‌లో ఉన్నవి మూడంటే మూడు పరమాణువులు. అన్నిటికంటే విడ్డూరం జినాన్. అది జడవాయువు, ఒంటరి పరమాణువు, మామూలుగా ఎవరితోనూ బంధం కలపదు, ఒంట్లో ఏ రసాయన చర్యలోనూ పాల్గొనదు, అయినా 1951లో దాన్ని మనుషులకిచ్చి ఆపరేషన్లు చేశారు, మత్తు శుభ్రంగా వచ్చింది. తాళానికి తగ్గ తాళంచెవి అని రిసెప్టర్ గురించి మేం క్లాసులో చెప్పే పాఠం జినాన్ దగ్గర నోరు వెళ్ళబెట్టేస్తుంది, గుండ్రటి గోళీకి పళ్ళెక్కడివి?

దీనికి తోడు ఫ్రాన్స్‌లో క్లాడ్ బెర్నార్ అనే మహానుభావుడు 1870లలో అత్తిపత్తి మొక్క మీద గాజు జాడీ బోర్లించి లోపల ఈథర్ ఆవిరి పెట్టాడు. ముట్టుకుంటే ముడుచుకోవాల్సిన ఆకులు కదల్లేదు. జాడీ తీసి గాలి తగలనిస్తే కాసేపటికి మళ్ళీ ముడుచుకున్నాయి. నరాలే లేని మొక్కకి మత్తెక్కిందంటే ఈ మందు పట్టుకునేది ఏదో మెదడులో మాత్రమే ఉండే ప్రత్యేకమైన వస్తువు కాదు, ప్రాణమున్న ప్రతి కణంలోనూ ఉండేదేదో అయ్యుండాలి అని అప్పటివాళ్ళు అనుకున్నారు. తప్పు పట్టలేం.

1899లో జర్మనీలో హన్స్ మేయర్, 1901లో స్విట్జర్లాండ్‌లో పనిచేస్తున్న చార్లెస్ ఓవర్టన్ ఒకరి సంగతి ఒకరికి పట్టకుండా ఒకే మాట చెప్పారు. వాళ్ళు చేసింది వినడానికి చాలా సాదా పని. రకరకాల మందుల్ని నీళ్ళలో కలిపి, ఎంత కలిపితే తోకకప్పలు ఈత ఆపేస్తాయో చూశారు. అదే మందు నీటిలో కంటే ఆలివ్ నూనెలో ఎన్ని రెట్లు ఎక్కువ కరుగుతుందో కొలిచారు. రెండూ పక్కపక్కన పెడితే, నూనెలో ఎంత బాగా కరిగితే అంత తక్కువ మందుతోనే మత్తు. తర్వాతి కాలంలో గ్యాసులకు కూడా ఇదే లెక్క వేశారు. కోత పెడితే సగం మంది రోగులు కదలకుండా ఉండటానికి ఊపిరితిత్తుల్లో ఎంత శాతం గ్యాసు ఉండాలో దాన్ని మ్యాక్ అంటారు, 1960లలో ఎడ్మండ్ ఎగర్ బృందం పెట్టిన కొలత ఇది, థియేటర్లో మత్తు డాక్టర్ల నోట రోజూ వినపడే మాట. హాలోథేన్ అనే పాత మత్తు గ్యాసుకి అది 0.75 శాతం. నైట్రస్ ఆక్సైడ్‌కి 104 శాతం, అంటే మామూలు గాలి ఒత్తిడిలో దానితో మాత్రమే పూర్తి మత్తు ఇవ్వడం కుదరని పని, గదంతా అదే నింపినా చాలదు. బలంలో దాదాపు 140 రెట్ల తేడా. ఇప్పుడు నూనె సంగతి చూడండి: హాలోథేన్ నూనెలో కరిగే కొలత 224, నైట్రస్ ఆక్సైడ్‌ది 1.4. 0.75ని 224తో గుణిస్తే 168. 104ని 1.4తో గుణిస్తే సుమారు 146. ఐసోఫ్లూరేన్, సీవోఫ్లూరేన్, డెస్‌ఫ్లూరేన్ వేసినా జవాబు వందకి అటూ ఇటూగానే పడుతుంది. అంత తేడా ఉన్న మందుల్ని ఒక్క వంటనూనె సీసా ఒకే గీత మీదకి తెచ్చేస్తోంది. బోర్డు మీద ఈ గీత గీసినప్పుడు వెనక బెంచీ కూడా ఫోన్ పక్కన పెడుతుంది, అంత అందమైన లెక్క ఫార్మకాలజీలో ఇంకోటి లేదు.

కణం చుట్టూ ఉండే పొర కొవ్వుతో చేసినదే కదా. కాబట్టి మందు ఆ కొవ్వులో కరిగి పొరని ఉబ్బించో, పలచబరిచో, అందులో ఉన్న ప్రొటీన్ల పనిని చెడగొడుతుంది, అందుకే దాని ఆకారంతో పనిలేదు, అందుకే జినాన్ కూడా పనిచేస్తుంది, అందుకే మొక్కకీ మత్తెక్కుతుంది. ప్రశ్నలన్నిటికీ ఒకే జవాబు. దాదాపు ఎనభై ఏళ్ళు పాఠ్యపుస్తకాల్లో ఇదే రాజ్యం చేసింది.

కూలింది మాత్రం ఒక్క దెబ్బకి కాదు. మొదటిది వేడి. ఆపరేషన్‌కి వాడే మోతాదులో మందు కణం పొరని ఎంత పలచబరుస్తుందో కొలిస్తే, ఒంట్లో ఒక డిగ్రీ వేడి పెరిగితే ఎంత మార్పు వస్తుందో దాదాపు అంతే. ఆ లెక్కన 102 జ్వరం వచ్చినవాడికి ఒంటి మీద తెలివి ఉండకూడదు. రెండోది గొలుసు పొడవు. ఆల్కహాల్ అణువుకి ఒక్కో కార్బన్ తగిలిస్తూ పోతే నూనెలో కరిగే గుణం పెరుగుతూ పోతుంది, మత్తు బలమూ పెరుగుతూ పోతుంది, సుమారు పన్నెండు కార్బన్ల దగ్గర మాత్రం మత్తు హఠాత్తుగా ఆగిపోతుంది. నూనెలో ఇంకా బాగా కరుగుతున్నా తోకకప్ప హాయిగా ఈదుతూనే ఉంటుంది. కొవ్వు పొరకైతే ఒక కార్బన్ ఎక్కువైతే ఏం, తక్కువైతే ఏం? ఇంతకు మించి పొడవున్నవాడు పట్టడు అని గిరి గీసినట్టున్న చోటు ఏదో ఉందన్నమాట. ఆపైన 1990లలో ఎగర్ బృందమే, నూనెలో కరిగే గుణాన్ని బట్టి బ్రహ్మాండమైన మత్తుమందులు కావాల్సిన కొన్ని ఫ్లోరిన్ పదార్థాలు ఎంత ఇచ్చినా జంతువులు కదలడం మానడం లేదని చూపించింది.

నాకు అన్నిటికంటే నచ్చేది అద్దం పరీక్ష. కొన్ని అణువులు మన కుడి, ఎడమ చేతుల్లాగా రెండు రూపాల్లో ఉంటాయి, ఒకదాని ప్రతిబింబం ఇంకోటి. ఐసోఫ్లూరేన్ అలాంటిదే. కొవ్వుకి కుడీ ఎడమా తెలీదు, రెండు రూపాలూ అందులో సమానంగానే కరుగుతాయి. 1991లో లండన్‌లో నిక్ ఫ్రాంక్స్, బిల్ లీబ్ ఆ రెంటినీ విడదీసి నత్త నాడీకణాల మీద వేస్తే, కొన్ని అయాన్ దారుల మీద ఒక రూపం రెండో దానికి సుమారు రెట్టింపు బలంగా పనిచేసింది. ఎటోమిడేట్ అనే ఇంజెక్షన్‌లో ఈ తేడా పది రెట్లు దాటిపోతుంది, అందుకే మార్కెట్లో దొరికేది దాని ఒక రూపం మాత్రమే. కుడీ ఎడమా గుర్తుపట్టగలిగేది ప్రొటీన్.

ఈ ఇద్దరే అంతకుముందు 1984లో చేసిన పని ఇంకా తమాషాగా ఉంటుంది. మిణుగురు పురుగు తోకలో వెలుగు పుట్టించే లూసిఫెరేజ్ అనే ప్రొటీన్‌ని శుభ్రం చేసి గాజు గొట్టంలో పెట్టారు, కొవ్వన్నదే అందులో లేకుండా. దానిలోకి ఒక్కో మత్తుమందూ వదిలితే వెలుగు తగ్గిపోయింది. అది కూడా జంతువులకి మత్తెక్కించే మోతాదుల్లోనే, బలహీనమైన మందు నుంచి అతి బలమైన మందు దాకా లక్ష రెట్ల తేడాలో, ఆ పాత నూనె గీత మీదే. అంటే మేయర్, ఓవర్టన్‌ల గీతకి కొవ్వు పొరే అక్కర్లేదు. ప్రొటీన్ లోపల నీళ్ళంటే పడని జిడ్డు గుంటలు ఉంటాయి, మందు వాటిలో దూరి అసలు వస్తువు కూర్చోకుండా చేస్తుంది. జిడ్డు గుంటలోకి దూరే గుణానికీ ఆలివ్ నూనెలో కరిగే గుణానికీ కొలత ఒకటే. గీత ఎంత సరిగ్గా ఉందో దానికి చెప్పిన అర్థం అంత తప్పు. మన మెదడులో లూసిఫెరేజ్ లేదు, నిజమే. ఇలాంటి జిడ్డు గుంటలున్న ఏ ప్రొటీన్‌ని పట్టుకుంటే మనిషి పడిపోతాడన్న వేట అక్కణ్ణించి మొదలైంది.

ఆ వేటలో అందరికంటే ముందు దొరికింది గాబా-ఎ రిసెప్టర్. మెదడులో న్యూరాన్ల (నాడీకణాల) నోరు మూయించే ప్రధాన రసాయనం గాబా. దాని కోసం ఉండే ఈ రిసెప్టర్ ఐదు ముక్కలు గుండ్రంగా నిలబడి మధ్యలో కన్నం వదిలిన ప్రొటీన్. మెదడులో ఎక్కువగా కనిపించే రకంలో రెండు ఆల్ఫాలు, రెండు బీటాలు, ఒక గామా. ఒక్కో ముక్కా కణం పొరని నాలుగుసార్లు కుట్టుకుంటూ వెళుతుంది. గాబా వచ్చి పొర పైభాగాన, బీటాకీ ఆల్ఫాకీ మధ్య కూర్చోగానే నడిమి కన్నం తెరుచుకుని క్లోరైడ్ అయాన్లు లోపలికి పడతాయి, న్యూరాన్ కాసేపు మాట్లాడదు. ప్రొపొఫాల్, ఎటోమిడేట్ గాబా సీటు జోలికే పోవు. అదే బీటా ఆల్ఫాల సందులో, కాకపోతే ఇంకా కిందకి, పొర మందంలో మునిగి ఉన్న చోట దూరతాయి. తెరిచిన తలుపు మూసుకోకుండా కింద చెక్కముక్క అడ్డం పెడతాం చూడండి, అదే పని. గాబా తలుపు తీస్తుంది, మందు దాన్ని త్వరగా మూసుకోనివ్వదు, క్లోరైడ్ ఇంకా ఇంకా లోపలికి పోతూనే ఉంటుంది. మోతాదు పెంచితే గాబా లేకపోయినా కన్నం తెరుచుకుంటుంది. డయాజెపామ్, మిడాజోలామ్ లాంటి బెంజోడయాజెపైన్ రకం నిద్ర మందులకి ఈ చివరి పని చేతకాదు. మామూలుగా అవి కూర్చునేది ఆల్ఫా గామాల మధ్య, పొరకి పైన, అవి గాబాకి వత్తాసు పలకడమే తప్ప సొంతంగా తలుపు తీయలేవు. ఆ మాత్రలు ఒక్కటే ఎక్కువ మింగినవాళ్ళు బతికి బట్టకట్టడానికీ, ప్రొపొఫాల్‌ని మత్తు డాక్టర్ పక్కన లేకుండా ఎవరూ ముట్టకూడదనడానికీ కారణం చాలావరకు ఇక్కడే ఉంది. మిడాజోలామ్‌కి ఫ్లుమజెనిల్ అని విరుగుడు ఇంజెక్షన్ ఉంది, ప్రొపొఫాల్‌కి అలాంటిది లేదు.

ఈ సందు ఎలా దొరికిందో చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఎటోమిడేట్ అణువుకి వెలుతురు తగిలితే పక్కనున్నదాన్ని కరుచుకునే ఒక చిన్న కొక్కెం తగిలించారు. ఆవు మెదడులోంచి తీసిన గాబా రిసెప్టర్‌తో దాన్ని కలిపి, అది తన చోట్లో సర్దుకున్నాక అతినీలలోహిత కాంతి వేశారు. మందు ఎక్కడ కూర్చుందో అక్కడే అతుక్కుపోయింది. తర్వాత ప్రొటీన్‌ని ముక్కలు చేసి ఏ అమైనో ఆమ్లానికి మందు అంటుకుందో వెతికితే దొరికినవి రెండు మెథియోనిన్‌లు, ఒకటి ఆల్ఫాలో 236వ చోట, ఇంకోటి బీటాలో 286వ చోట. ఒకటే సందుకి అటొకటీ ఇటొకటీ. ఇది 2006 మాట. 2020లో క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద రిసెప్టర్‌ని గడ్డకట్టించి చూస్తే, ఎటోమిడేట్, ప్రొపొఫాల్ రెండూ ఆ సందులోనే కనిపించాయి. ఊహించి చెప్పిన చోటుకి పద్నాలుగేళ్ళ తర్వాత ఫొటో వచ్చింది.

చోటు తెలిసినంత మాత్రాన మత్తుకి అదే కారణం అనలేం కదా, మందు పది చోట్ల కూర్చోవచ్చు. దానికి జవాబు ఎలుకలు చెప్పాయి. బీటా-3 ముక్కలో నాలుగు వందలకు పైగా ఉన్న అమైనో ఆమ్లాల్లో 265వది ఆస్పరజిన్. దాన్ని ఒక్కదాన్నే మెథియోనిన్‌గా మార్చిన ఎలుకల్ని పుట్టించారు, 2003లో ఫలితం వచ్చింది. మామూలు ఎలుకకి ప్రొపొఫాల్ ఇచ్చి వెనక కాలు గిల్లితే కదలదు. ఈ ఎలుక అంత మందులోనూ కాలు లాగేసుకుంది. ఎటోమిడేట్‌కీ అంతే. అదే మార్పు ఉన్న ఎలుకకి గాబా-ఎ మీదే ఇంకో చోట పనిచేసే స్టెరాయిడ్ రకం మత్తుమందు ఇస్తే మాత్రం మామూలుగానే మత్తెక్కింది. ఒక్క అక్షరం మారితే ఒక మందు చేతులెత్తేసింది, పక్క మందుకి చీమ కుట్టినట్టైనా లేదు. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఫార్మకాలజీలో అరుదుగా దొరుకుతుంది. హాలోథేన్ లాంటి గ్యాసుల విషయంలో మాత్రం ఆ ఎలుక కొంచెమే మొండికేసింది. అంటే గ్యాసులకి ఈ ఇల్లు కాకుండా వేరే ఇళ్ళు కూడా ఉన్నాయి.

ఉన్నాయి, చాలానే. 1988లో ఫ్రాంక్స్, లీబ్‌లే చెరువు నత్తలో ఒక న్యూరాన్‌ని పట్టుకున్నారు, హాలోథేన్ తగలగానే దాని పొరలో పొటాషియం దారి ఒకటి తెరుచుకుని ఆ కణం మౌనం పాటించింది. అదే రకం దారులు, ట్రెక్-1, టాస్క్ అనే పేర్లతో, మనలోనూ ఉన్నాయని తర్వాత తేలింది. ట్రెక్-1 లేని ఎలుకలకి మత్తెక్కాలంటే గ్యాసు ఎక్కువ కావాలి. ఇక కెటమిన్ అనే మత్తు ఇంజెక్షన్‌కి గాబాతో పెద్దగా పనే లేదు. అది ఉత్తేజం కలిగించే గ్లూటమేట్‌కి ఉన్న ఎన్ఎండిఎ రిసెప్టర్ కన్నంలో బిరడాలా ఇరుక్కుంటుంది. అందుకే కెటమిన్ మత్తు చూడ్డానికే వేరుగా ఉంటుంది, కళ్ళు తెరిచే ఉంటాయి, ఊపిరి బాగానే ఆడుతుంది, బీపీ పడిపోదు, మనిషి మాత్రం అక్కడ ఉండడు. నైట్రస్ ఆక్సైడ్, జినాన్ కూడా ప్రధానంగా ఈ గట్టు మీదవే. ఒంటరి పరమాణువు జినాన్‌కి తాళంచెవి పళ్ళు లేకపోయినా, గుంట సైజుకి సరిపోయే గుండ్రటి ఒళ్ళుంది, కాస్త పక్కకి లాగితే సాగే ఎలక్ట్రాన్ మబ్బు ఉంది, జిడ్డు గుంటలో నిలబడటానికి ఆ బలహీనమైన ఆకర్షణే చాలు.

ఇలా పది చోట్ల దూరే మందుకి పది రకాల ప్రమాదాలు ఉంటాయి, ఆ గొడవ మన హైదరాబాద్‌లోనే పెద్ద ఎత్తున నడిచింది. క్లోరోఫామ్ ఇచ్చిన మొదటి నిమిషాల్లోనే కొందరు ఆరోగ్యవంతులు టేబుల్ మీదే పోయేవాళ్ళు. ఊపిరి ఆగి పోతున్నారా, గుండె ఆగి పోతున్నారా? హైదరాబాద్‌లోని బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఊపిరి పక్షం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చుతో 1888లో ఒకటి, 1889లో ఇంకోటి, రెండు హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు కూర్చున్నాయి, రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే డాక్టర్ వచ్చాడు. కుక్కలు, కోతులు, ఇంకా వందల జంతువుల మీద పరీక్షలు చేసి, ముందు ఆగేది ఊపిరే, దాన్ని కనిపెట్టుకుని ఉంటే క్లోరోఫామ్ నిర్భయంగా ఇవ్వొచ్చు అని తేల్చారు. హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చదివి లారీ దగ్గర క్లోరోఫామ్ ఇవ్వడం నేర్చుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలోని తొలి మహిళా అనస్థటిస్టుల్లో ఒకరిగా ఇవాళ చెప్పుకుంటున్నాం, ఆవిడ పేరు మన స్కూలు పుస్తకాల్లో ఎందుకు లేదో నాకు అర్థం కాదు. తీర్పు మాత్రం నిలవలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే డాక్టర్, తేలిక మత్తులో ఉన్నప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరిగితే క్లోరోఫామ్ గుండెని గిలగిల కొట్టుకునేలా చేసి ఆపేస్తుందని చూపించాడు. భయపడ్డ రోగి, సగం మత్తు, అడ్రినలిన్ పొంగు, సరిగ్గా ఆ మొదటి నిమిషాలే. మెదడులో కన్నాల్ని పట్టుకునే అణువు గుండె కణాల పొరల్ని మాత్రం వదిలేస్తుందా? క్లోరోఫామ్ పోయి, ఈ జబ్బు కాస్త తక్కువగా ఉన్న హాలోథేన్ వచ్చి, అదీ పోయి సీవోఫ్లూరేన్ రావడంలో ఈ పాఠం ఉంది.

ఇక కష్టమైన సగం. మత్తు అనేది ఒక్క పని కాదు. కదలకపోవడం, గుర్తు లేకపోవడం, స్పృహ లేకపోవడం, ఇవి వేర్వేరు చోట్ల, వేర్వేరు మోతాదుల్లో జరుగుతాయి. మ్యాక్ కొలత గురించి పైన చెప్పాను కదా, కోత పెడితే కదలకపోవడం. 1993లో ఎలుకల్లో ముందరి మెదడు తీసేసి ఐసోఫ్లూరేన్ ఇచ్చి చూస్తే మ్యాక్ ఏమీ మారలేదు! అదే ఏడాది మేకల్లో రక్తప్రసరణ విడదీసి, మందు మెదడుకి మాత్రమే వెళ్ళి వెన్నుపాముకి అందకుండా చేస్తే, 1.2 శాతంతో అయ్యే పనికి 2.9 శాతం కావాల్సి వచ్చింది. కత్తి పడితే మనిషి కదలకపోవడం ఎక్కువగా వెన్నుపాము పుణ్యం. వందేళ్ళు మెదడు రహస్యం అనుకుని కొలిచినదానిలో చాలా భాగం నడుము దగ్గరి కొలత. ఇలాంటివి చదివినప్పుడు సైన్సు మీద ప్రేమ ఇంకాస్త పెరుగుతుంది నాకు.

గుర్తు లేకపోవడానికి చాలా తక్కువ మందు చాలు. మా పిన్ని గాల్ బ్లాడర్ ఆపరేషన్‌కి వెళ్ళినప్పుడు వార్డులోనే మిడాజోలామ్ ఇచ్చారు, థియేటర్ దాకా స్ట్రెచర్ మీద మాట్లాడుతూనే వెళ్ళింది, మాస్క్ పెట్టేముందు మత్తు డాక్టర్‌కి "బాబూ, మా అబ్బాయికి ఫోన్ చేసి చెప్పు" అని కూడా అందట, తర్వాత అడిగితే లిఫ్టు ఎక్కినట్టే గుర్తు లేదంది. కొత్త జ్ఞాపకం రాసుకునే హిప్పోకాంపస్‌లో ఆల్ఫా-5 ముక్క ఉన్న గాబా రిసెప్టర్లు ఎక్కువ, జ్ఞాపకాల పని ముందుగా దెబ్బతినడంలో వాటి పాత్ర ఉందని ఎలుకల్లో బాగానే తేలింది.

స్పృహ దగ్గరికొచ్చేసరికి మాత్రం అణువుల భాష చాలదు. ప్రొపొఫాల్ ఎక్కినప్పుడు నుదుటి దగ్గర ఈఈజీలో, అంటే మెదడు విద్యుత్ తరంగాల రికార్డులో, సెకనుకి పదిసార్లు ఊగే ఆల్ఫా తరంగాలు, వాటి కింద బాగా నిదానమైన తరంగాలు కనిపిస్తాయి. మెదడు నడిమిలో కబుర్లు అందించే థలామస్, పైపొర అయిన కార్టెక్స్ ఒకే తాళంలో ఇరుక్కుపోయి, దూరాన ఉన్న భాగాల మధ్య కబుర్లు ఆగిపోతాయన్నది ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటున్న మాట. కెటమిన్‌లో అలాంటి తరంగాలు కనిపించవు, ఉల్టా వేగంగా ఉంటాయి, అయినా మనిషి లేడు. దీన్ని "నిద్ర" అని రోగికి చెప్పడం మర్యాద కోసమే, నిద్రలో గిల్లితే లేస్తాం, ఇక్కడ కోస్తున్నా లేవం. ముంజేతి పరీక్ష అని ఒకటుంది: కండరాలు వదులయ్యే మందు ఇచ్చేముందు ఒక చేతికి కఫ్ బిగించి రక్తం ఆపేస్తారు, ఆ చేయి ఒక్కటీ కదలగలిగే స్థితిలో ఉంటుంది. పూర్తి మత్తులో ఉన్నట్టు కనిపించే మనిషి చెవి దగ్గర "నా చేయి నొక్కండి" అంటే కొందరు నొక్కుతారు. లేచాక ఒక్క ముక్క గుర్తుండదు. వాళ్ళు అప్పుడు ఉన్నట్టా, లేనట్టా? బ్రిటన్, ఐర్లాండ్‌లలో చేసిన పెద్ద సర్వే 2014లో వచ్చింది, ఆపరేషన్ మధ్యలో మెలకువ వచ్చిందని తర్వాత తామంతట తాము చెప్పినవాళ్ళు సుమారు 19,000 మందిలో ఒకరు. చాలా తక్కువే, టెన్షన్ పడక్కర్లేదు, కానీ ఆ లెక్కలో గుర్తున్నవాళ్ళు మాత్రమే ఉంటారన్నది మర్చిపోకూడదు.

ఓడిపోయిందనుకున్న కొవ్వు మళ్ళీ తలెత్తుతోంది, అదే ఇప్పటి గమ్మత్తు. 2020లో అమెరికాలో స్క్రిప్స్ సంస్థవాళ్ళు ఒక పని చూపించారు. కణం పొరలో కొవ్వులు అన్నిచోట్లా ఒకేలా ఉండవు, కొలెస్ట్రాల్ ఎక్కువున్న చిన్న చిన్న గుంపులుగా ఉంటాయి. క్లోరోఫామ్, ఐసోఫ్లూరేన్ ఆ గుంపుల్ని చెదరగొడతాయి, వాటిలో దాక్కున్న పిఎల్‌డి2 అనే ఎంజైమ్ బయటపడుతుంది, అది తయారుచేసే కొవ్వు ముక్క వెళ్ళి ట్రెక్-1 దారి తెరుస్తుంది. ఈ ఎంజైమ్ లేని ఈగలకి మత్తెక్కడానికి మందు ఎక్కువ పట్టింది కూడా. గాబా సందు తప్పని దీనర్థం కాదు, ప్రొపొఫాల్‌కి ఆ ఎలుకల సాక్ష్యం అలాగే ఉంది. గ్యాసులకి ఇదొక అదనపు దారి కావచ్చు.

ఇంకో దారి మైటోకాండ్రియా, అంటే కణంలో శక్తి తయారుచేసే భాగాలు. ఈ గ్యాసులు శ్వాస గొలుసులో మొదటిదైన కాంప్లెక్స్-1ని కొద్దిగా అణుస్తాయి. పుట్టుకతోనే ఆ కాంప్లెక్స్‌లో లోపమున్న పిల్లల్లో కొందరికి సీవోఫ్లూరేన్ మామూలు కంటే ఎంతో తక్కువతోనే సరిపోతుందని 2002లోనే గమనించారు, ఆ లోపం పెట్టి పుట్టించిన ఎలుకలూ, పురుగులూ అదే చెప్పాయి. ఆగకుండా కబుర్లు పంపే న్యూరాన్ చివర్లకి శక్తి తగినంత అందకపోతే అవి ముందుగా మూగబోతాయన్నది ప్రస్తుతానికి ఈ పరిశోధకుల వాదన. అందుకే ఇంట్లో ఎవరికైనా మైటోకాండ్రియా జబ్బు ఉంటే ఆపరేషన్‌కి ముందు ఆ సంగతి మత్తు డాక్టర్‌కి తప్పకుండా చెప్పమంటారు. మా సిలబస్‌లో ఇదింకా లేదు, అడిగిన పిల్లలకి క్లాసు అయ్యాక చెబుతున్నాను.